వేలికంటిన గ్రీజు

షెడ్డు గేటు దగ్గరి ఎత్తు ఎక్కుతున్నప్పుడే ఆ పాత కారు రోగం తెలిసిపోయింది.

ఇంజను గొంతు చించుకుంటోంది. చక్రాలు మాత్రం తమకేం పట్టనట్టు పాకుతున్నాయి.

ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన దిగాడు.

"క్లచ్ చూడాలమ్మా. రేపు పొద్దున సామాను వేసుకుని దూరం వెళ్ళాలి. దారిలో ఆగకుండా చూడు తల్లీ."

"కూర్చోండి సార్," అని స్టూలు జరిపింది మెకానిక్.

ఆ సందులో ఆమెని అందరూ స్పానరమ్మ అంటారు. షెడ్డుకి బోర్డు కూడా లేదు. అయినా బండ్లు వస్తూనే ఉంటాయి. వచ్చినవాళ్ళు "మేస్త్రీ గారి అమ్మాయి షెడ్డు ఇదేనా?" అని అడుగుతారు. అడిగిన ప్రతిసారీ ఆమెకి కడుపు నిండిపోతుంది. నాన్న పోయినా ఆయన పేరే తనని పోషిస్తోందని మురిసిపోతుంది.

హ్యాండ్ బ్రేకు లాగి, టాప్ గేరు వేసి, క్లచ్ వదిలింది. క్లచ్ బాగుంటే ఇంజను టక్కున ఆగిపోవాలి. ఆగలేదు.

"ప్లేటు జారుతోంది సార్. గ్రీజు పట్టినట్టుంది."

గ్రీజు అన్న మాటకి పెద్దాయన తల దించుకున్నాడు.

గేరు బాక్సు దించడానికి ఆమె బండి కిందికి దూరి టార్చి వేసింది. బాక్సు అంచున పంచ్‌తో కొట్టిన మూడు చుక్కలు కనబడ్డాయి.

బోల్టులన్నీ బిగించాక అలా చుక్కలు పెట్టే అలవాటు ఒక్క మనిషికే ఉండేది. నాన్నకి.

"ఈ బండి ఎప్పుడు కొన్నారు సార్?" కింద నుంచే అడిగింది.

"షోరూం నుంచి తెచ్చిన రోజు నుంచీ నాదేనమ్మా. చెయ్యి మారలేదు."

గ్రీజు పట్టిన క్లచ్, నాన్న చుక్కలు, చెయ్యి మారని బండి. ముఖం ఎప్పుడూ చూడలేదు గానీ, అయితే వీడే.

నాన్న క్లచ్ చేసి పంపిన బండి ఎత్తు మీద ఆగిపోతే, ప్లేటుకి గ్రీజు పూసింది మేస్త్రీయేనని నలుగురిలో నానా మాటలూ అని, షోరూంలో ఆయన ఉద్యోగం ఊడగొట్టించింది వీడే. ఆ తర్వాత నాన్నకి గ్రీజు మేస్త్రీ అని పేరు పడింది. ఆయన మళ్ళీ స్పానర్ పట్టలేదు. ఆ దిగులుతోనే పోయాడు. వీడు మాత్రం గుండ్రాయిలా ఉండి, ఆమె స్టూలు మీద కూర్చుని, ఆమె సీసాలో నీళ్ళు తాగుతున్నాడు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

ప్లేటు బయటికి తీసింది. నల్లగా నిగనిగలాడుతోంది. ఆయిలు కారకుండా ఆపే ఇంజను వైపు సీలు పొడిగా ఉంది. గేరు బాక్సు సీలూ పొడిగానే ఉంది. గ్రీజంతా మధ్యలో ఉన్న బేరింగు నుంచే చారలు చారలుగా చిమ్మింది.

"తప్పు ఎక్కడుందమ్మా?" పెద్దాయన లేచి వచ్చాడు.

"బండిలోనే ఉంది. బేరింగు జారే ఈ గొట్టం పుట్టుకతోనే వంకర. ఏ బేరింగు వేసినా వేడెక్కి గ్రీజు కక్కుతుంది. ఎవరు చేసినా అంతే."

ఆయన ఆ గొట్టాన్ని వేలితో తడిమి చూశాడు.

"అంటే మనిషి తప్పు కాదన్నమాట."

ఇప్పుడు తెలిసిందా నాయనా అనుకుని ఆమె పళ్ళు నూరింది.

షెడ్డులో పడున్న పాత బాక్సు నుంచి మంచి గొట్టం తీసి వేసింది. కొత్త బేరింగు ఎక్కించింది. ప్లేటు ఆనుకునే ఫ్లైవీలుని పెట్రోలుతో తుడిచింది. కొత్త ప్లేటు చేతిలోకి తీసుకుని ఆగిపోయింది.

ఎదురుగా గ్రీజు డబ్బా ఉంది.

చెయ్యని తప్పుకి నాన్నకి శిక్ష పడింది. శిక్ష ఎలాగూ పడింది కాబట్టి ఆ తప్పేదో ఇప్పుడైనా జరగాలి. అదీ ఆ పూట ఆమె న్యాయం.

పెద్దాయన అటు తిరిగి ఉన్నప్పుడు వేలితో కాస్త గ్రీజు తీసి, పసిపాపకి నూనె రాసినంత శ్రద్ధగా ప్లేటుకి రెండు వైపులా పూసింది. సందు దాటేదాకా ఏమీ తెలియదు. వేడెక్కి, ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది.

"ఇక్కడికి ఎప్పుడో రావలసిందమ్మా," అన్నాడు పెద్దాయన బండి ఎక్కుతూ.

"అవును. ఎప్పుడో రావలసింది," అంది ఆమె.

ఆ రాత్రి ఆమెకి హాయిగా నిద్ర పట్టింది.

మర్నాడు మధ్యాహ్నం ఒక స్కూలు వ్యాను వచ్చి ఆగింది.

"మేస్త్రీ గారి అమ్మాయి షెడ్డు ఇదేనా?" అన్నాడు డ్రైవరు.

"ఇదే. మా నాన్న మీకు తెలుసా?" ఆమె ముఖం వెలిగిపోయింది.

"తెలీదమ్మా. పొద్దున వంతెన ఎత్తు మీద ఒక పాత కారు ఆగిపోతే తాడు కట్టి లాగాను. అందులో పెద్దాయన ఇక్కడికి వెళ్ళమన్నారు."



"నన్ను తిట్టారా?"

"ఆయనెందుకు తిడతారు? నిన్ననే క్లచ్ చేయించానని ఆయన అంటే, ఆ మెకానిక్‌ని నిలదీయండి అని నేనే అన్నాను. 'ఒకసారి అలాగే నిలదీసి ఒక మంచి మనిషిని పొట్టన పెట్టుకున్నాను, మళ్ళీ ఆ పని చెయ్యను, ఆ అమ్మాయిది వాళ్ళ నాన్న చెయ్యే' అన్నారు. కారుని పాత ఇనుము వాడికి ఇచ్చేసి, భార్యని తీసుకుని బస్సెక్కేశారు. ఇక ఈ ఊరు రారట."

ఆమె తన చేతులు చూసుకుంది. గోటి సందున గ్రీజు ఇంకా పోలేదు.

"ఆయన మీకు ముందే తెలుసా?" అడిగింది.

"తెలియకేం? పెట్రోలు బంకు పక్కన సీటు కవర్ల షాపు ఆయనదేగా. బండి బాగాలేదని ఎవరన్నా సరే, మేస్త్రీ గారి అమ్మాయి షెడ్డుకి తీసుకెళ్ళండని మీరు షెడ్డు తెరిచిన నాటి నుంచీ అందర్నీ ఇక్కడికి పంపుతున్నది ఆయనే కదమ్మా."