తలుపు చప్పుడు

"ఈ తలుపు తెరుచుకుని తీరాలి," అంది అక్క.

"తెరుచుకోదు," అన్నాడు తమ్ముడు.

పొద్దుట్నుంచీ ఇదే గొడవ. ఇద్దరూ కలిసి చేసిన వీడియో గేమ్ ఎల్లుండి విడుదల. కథ అక్కది, కోడింగ్ తమ్ముడిది. బొమ్మలు కుదిరాయి, రంగులు కుదిరాయి. ఆ ఒక్క తలుపు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒకరు ఎడ్డెమంటే ఒకరు తెడ్డెమంటున్నారు.

ఆట లాక్‌డౌన్ రోజులది. ఒకే పడగ్గది ఉన్న ఫ్లాట్‌లో ఒక అమ్మ, ఒక కొడుకు. ఉద్యోగం పోయిన కొడుకు పొద్దస్తమానం పడగ్గదిలో కంప్యూటర్ ముందే ఉంటాడు. అమ్మ సణుగుతుంది, కొడుకు కసురుతాడు. ఆడేవాళ్లు కొడుకు తరఫున మాటలు ఎంచుకుంటూ పోవాలి. మెత్తగా ఒక మాటంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంటుంది. దురుసుగా అన్నారో, ఇక ఆ పూటంతా ఎడమొహం పెడమొహమే.

తర్వాత అమ్మకి జ్వరం వస్తుంది. కొడుక్కి అంటకూడదని తనే పడగ్గదిలోకి వెళ్లి, బయట గడియ పెట్టెయ్యమంటుంది. చెయ్యి ఊరుకోక ఏ గిన్నె తోమడానికో వంటింట్లోకి వచ్చేస్తానేమోనని ఆవిడ భయం. ఒక సాయంత్రం ఆ తలుపు చప్పుడవుతుంది. ఆగి ఆగి, చాలాసేపు. కొడుకు గడియ తియ్యడు.

ఇందులో అక్క సొంతంగా కల్పించింది ఏమీ లేదు. ఆ అమ్మ వీళ్లమ్మే. అప్పుడు అక్క వేరే ఊళ్లో హాస్టల్లో చిక్కుకుపోయింది, ఆఖరి చూపుకి కూడా నోచుకోలేదు. తమ్ముడు ఫోన్లో వెక్కుతూ చెప్పిందే కథగా రాసుకుంది. భయమేసిందక్కా, తియ్యలేకపోయాను అన్న మాటని కూడా ఉన్నదున్నట్టు దింపేసింది.

ముందుగా ఆడి చూడమని కొందరికి పంపారు. అందరూ కొడుకు మీద తెగ జాలిపడ్డారు. పాపం, తల్లి మాట జవదాటని పిల్లాడు అని ఒకావిడ రాసింది. అక్క దాన్ని గట్టిగా చదివి వినిపించింది. తమ్ముడు నీళ్లు తాగే నెపంతో లేచి బయటికి పోయాడు.

ఇప్పుడు అక్కకి ఇంకో ముగింపు కావాలట. మొదట్నుంచీ మెత్తటి మాటలే ఎంచుకున్నవాళ్లకి చివర్లో గడియ ఊడి రావాలి. కొడుకు లోపలికి వెళ్లాలి. అమ్మ చెయ్యి పట్టుకోవాలి.

"ఎన్నాళ్లురా ఇలా నిన్ను నువ్వు కాల్చుకు తింటావు? అమ్మే పెట్టమన్న గడియ అది. నీ చోట నేనున్నా భయపడేదాన్నే. ఆటలోనైనా నిన్ను క్షమించనియ్యి."

అక్క ఇలా దయగా మాట్లాడిన ప్రతిసారీ తమ్ముడికి ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంటుంది. తిట్టినా బాగుండును. చెంప ఛెళ్లుమనిపించినా కాస్త హాయిగా ఉండును. ఆవిడ చూస్తే టీ కప్పు దగ్గరికి జరిపి, చల్లారిపోతోంది తాగమంటోంది.

గదిలో మూడో మనిషి ఒకమ్మాయి. ఆటలో తప్పులు పట్టడమే ఆమె ఉద్యోగం. ఆటలో వాన రెండు చినుకులు తక్కువ కురిసినా కనిపెట్టేస్తుందని ఆమెకి పాముచెవులని పేరు పెట్టుకున్నారు. ఇంతసేపూ మూల కూర్చుని ఆడుతున్న ఆ పాముచెవులు, హెడ్‌ఫోన్స్ మెడలోకి దించుకుంది.

"తలుపు మాట అలా ఉంచండి. ముందు ఆ చప్పుడు సంగతి చూడండి."

"దానికేమైంది?" అన్నాడు తమ్ముడు.

అది అసలు పొసగడం లేదంది. కొడుకు నిలబడింది హాల్లో. గదిలోంచి కొట్టే చప్పుడు అతనికి అణిగినట్టు వినపడాలి. ఇక్కడేమో చిన్న గదిలో మోగినట్టు మోగుతోంది. పైగా పక్కనే కంప్యూటర్ ఫ్యాన్ రొద. హాల్లో కంప్యూటర్ ఎక్కడిదని అడిగింది. ఇంత తప్పు పెట్టుకుని విడుదల చేస్తే చెవులున్న ప్రతివాడూ నవ్వుతాడని చెప్పి, సీసాలో నీళ్లు నింపుకోవడానికి కిందికి వెళ్లింది.

ఆ చప్పుడు ఎక్కణ్ణుంచో తెచ్చి అతికించింది కాదు. తమ్ముడే తయారుచేశాడు. కుదరలేదని చెరిపేసి, మళ్లీ చేసి, అచ్చం అలాగే వచ్చేదాకా పట్టు విడవలేదు. అలా వచ్చిన రోజున బాత్రూములోకి వెళ్లి కక్కుకున్నాడు.

అక్క తన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నది. కళ్లు తుడుచుకుంది.

"పిచ్చి తల్లి, ఎంతసేపు కొట్టిందిరా," అంది. "అలిసిపోయి ఏదో పొరపాటు చేసుంటావులే. సరిచెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?"

ఎంతసేపో పట్టదు. ఆ రొద తీసేసి, చప్పుడు కాస్త అణిచేస్తే అయిపోతుంది. ఎవరికీ ఏ అనుమానమూ రాదు. ఆ తర్వాత తలుపు తెరుచుకుంటుంది, ఊళ్లో వాళ్లూ పరాయి ఊళ్ల వాళ్లూ అందరూ కొడుకుని క్షమించేస్తారు. అందరికంటే ముందు అక్క క్షమిస్తుంది. ఇప్పటికే క్షమించేసింది కూడా.

అతని చెయ్యి మౌస్ మీదికి వెళ్లింది. వెళ్లి, అక్కడే ఆగిపోయింది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

అక్క అతని భుజం మీద చెయ్యి వేసింది.

"నా మాట విను నాన్నా. చప్పుడు మార్చి, ఆ తలుపు తెరిచెయ్."

తమ్ముడు ఆ చేతిని మెల్లగా తీసేశాడు.

"చప్పుడులో తప్పేం లేదక్కా, ఆ సాయంత్రం గదిలో గడియ పెట్టుకుని ఆట ఆడుకుంటున్నది నేను, హాల్లోంచి కొట్టి కొట్టి ఊరుకున్నది అమ్మ."