కుండ అంచు లోపల

ఇంటి పెద్దావిడ పచ్చికుండను లాక్కుని, దాని మెడ మీద తాడు నొక్కి వేసిన గుర్తులను బొటనవేలితో చెరిపేసింది.

"ఏమే కవెన్నా, ఈ తాడు అచ్చులేంటి? కుండకి గజ్జి పట్టిందా? మనింటి కుండకి ఏటవాలు గీతలుండాలి."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

కవెన్నా ఆ ఇంట్లో చనిపోయిన కూతురి పేరు. మా మోహాక్ తెగ ఇళ్ళలో, దాడి చేసి పట్టుకొచ్చిన పిల్లను బందీ అనరు, కూతురంటారు. నది అవతలి అల్గాంకిన్ తెగ పల్లె నుంచి తెచ్చిన ఈ పిల్లకు పడక ఇచ్చారు, తిండి పెట్టారు, చచ్చిపోయినామె పేరూ తగిలించారు. వాబన్ అన్న సొంత పేరును, సొంత భాషను మాత్రం పలకనివ్వరు.

"మా అమ్మ ఇలాగే వేసేది," అంది వాబన్.

"మీ అమ్మను నేనే."

పెద్దావిడ నవ్వేవాళ్ళందరినీ మొక్కజొన్న దంచమని తరిమేసింది. వాళ్ళు వెళ్ళాక, పొయ్యి పక్కనున్న, తను చేసిన పాత కుండను ముందుకు జరిపింది. దాని మెడ మీద అందరి కుండలకూ ఉన్నట్టే ఏటవాలు గీతలున్నాయి.

"లోపల తడుము."

అంచు లోపల, అంటుకుపోయిన జావ కింద, వాబన్ వేళ్ళకు తాడు అచ్చులు తగిలాయి. అచ్చం తన తల్లి వేసినట్టే ఉన్నాయి.

ఆమెకు ఏడుపు ఆగలేదు. తన భాషలోనే గబగబా అడిగింది, "అమ్మా, నిన్ను ఏ ఊరి నుంచి తెచ్చారు?"

పెద్దావిడ దగ్గరకు జరిగి వాబన్ పెదవుల వంకే చూసింది.

"ఏమన్నావో నాకిప్పుడు తెలియట్లేదే," అంది. "మళ్ళీ అను."