కుక్కర్ కూత

సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్లకు కవల తోబుట్టువులుంటే ఆ ఇంటి గోడకు ప్రభుత్వం ఓ పెట్టె బిగిస్తున్న రోజులవి. సరిహద్దులో పనిచేసొచ్చిన కస్తూరి ఒంట్లో యుద్ధం ఇంకా ఎంత మిగిలిందో, యుద్ధమే చూడని కవల చెల్లెలు హైమ ఒంటితో పోల్చి, ఆ పెట్టె మందులు చెప్పేది. అందుకే హైమ రోజూ కాఫీకి ముందే దాని మీద అరచెయ్యి ఆనించేది.

ఓ ఉదయం పెట్టె అడిగింది. "పక్కింటి కుక్కర్ బుసకొట్టగానే, కూత రాకముందే, మీ గుండె అదురుతోంది. ఎందుకండీ?"

"అక్క ఉలిక్కిపడుతుందేమోనని," నసిగింది హైమ. ఆ కూతకు జడిసే కదా, తమ కుక్కర్‌ని ఎప్పుడో అటకెక్కించి గిన్నెలో అన్నం వారుస్తోంది!

"అయితే ఆ భయం మీకూ అంటిందన్నమాట, ఇక మీతో పోల్చలేనండీ. కొన్నాళ్లు మీరు విడిగా ఉండాలి."

హైమ పెట్టె మీంచి చెయ్యి తీసేసింది.

గుమ్మంలోంచి అంతా విన్న కస్తూరి, "నా చెల్లి ఎక్కడికీ పోదు," అని పెట్టెను కసిరి, స్టూలెక్కి కుక్కర్ దించింది. దుమ్ము కడిగి, పప్పు పోసి పొయ్యి మీద పెట్టింది.

"వద్దక్కా!"

"నోర్మూసుకుని ఇలా రా."

కుక్కర్ బుసకొట్టసాగింది. వణుకుతున్న చేత్తోనే కస్తూరి చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"భయపడకే," అంది. "నేనున్నాగా."