ఓటిలీ గడియారం

"డాక్టరుగారూ, పిల్లకి ఊపిరి ఆడ్డం లేదు," అంది రాగ్నా ఫోనులో.

మంచం మీద నాలుగేళ్ళ కూతురు ఇంగా. దగ్గితే కుక్క మొరిగినట్టుంది. గాలి పీలిస్తే గొంతులో ఈల. మొగుడు హాల్వర్ పొద్దున్నే బొగ్గు కోసం బండి కట్టుకుని పట్నం పోయాడు. ఈ మంచులో రేపటికి గానీ రాడు.

"పెదాలు నీలంగా ఉన్నాయా?"

"కొంచెం."

"కఫం పడేలా వాంతి చేయించే మందేమైనా ఉందా ఇంట్లో?"

"లేదండీ."

"సరే, అయితే ముందు పొయ్యి మీద..."

ఆ పైన మాట నీళ్ళలో మునిగినట్టయింది.

ఎందుకో రాగ్నాకి తెలుసు. పొలాల కంచె తీగే ఫోను తీగ. ఏడిళ్ళకీ అదొక్కటే. ఎవరింటికి మోగినా అందరూ ఎత్తి వింటారు. ఎత్తేవాళ్ళు పెరిగినకొద్దీ మాట సన్నబడుతుంది.

"పెట్టెయ్యండమ్మా, మీకు దండం పెడతాను. డాక్టరు మాట వినబడ్డం లేదు."

టక్. టక్. ఒక్కొక్కరే పెట్టేశారు. అయిదు లెక్కపెట్టింది.

ఆరోది పెట్టలేదు. లైనులో టిక్కు టిక్కుమని గోడ గడియారం. అదెవరిదో అందరికీ తెలిసిందే. అర మైలు అవతల ఒక్కతే ఉండే ఓటిలీ ముసలమ్మది. రాగ్నా గుడ్లు బేరమాడినా, మొగుణ్ణి ఆడిపోసుకున్నా, వెనకాల ఆ టిక్కు టిక్కు ఉండాల్సిందే.

"ఓటిలీ అత్తా, నువ్వేనని తెలుసు. పెట్టెయ్."

టిక్కు టిక్కు.

"...దుప్పటి... ఆవిరి..." డాక్టరు గొంతు ఎక్కణ్ణుంచో.

రాగ్నా ఫోను అలాగే వేలాడేసి పరిగెత్తింది. గిన్నెలో నీళ్ళు మరిగించింది. పిల్లని ఒళ్ళో వేసుకుని, దుప్పటి కప్పి ఆవిరి పట్టింది. ఎంతసేపు పట్టిందో తెలీదు. ఈల తగ్గలేదు. పిల్లని భుజాన వేసుకుని మళ్ళీ ఫోను దగ్గరికొచ్చింది.

గడియారం ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

"పిల్లల్లేనిదానివి, నీకేం తెలుస్తుంది," అంది రాగ్నా. "మా ఇంట్లో చావు కూడా కూర్చుని వింటావా? విను. రేపు ఊరంతా చెప్పుకోవచ్చు. నా గడప మాత్రం తొక్కకు."

టిక్కు టిక్కు. భుజం మీద పిల్ల మెడ వాలిపోతోంది.

తలుపు తోసుకుని ఎవరో వచ్చారు. మొహం నిండా కంబళి, కంబళి నిండా మంచు. ఒక కాలికి బూటు లేదు. వచ్చిన మనిషి పిల్లని లాక్కుని, సీసా బిరడా పళ్ళతో పీకి, నోట్లో చెంచాడు పోసింది. కాసేపాగి ఇంకో చెంచాడు.

పిల్ల భళ్ళున కక్కింది. తర్వాత గుక్కతిప్పుకుని గట్టిగా ఏడ్చింది. అంత గొంతు పొద్దుట్నుంచీ వినలేదు రాగ్నా.

వచ్చిన మనిషి కిందే చతికిలబడి కంబళి తీసింది.

"మందు లేదన్నావు చూడు, అంతవరకే విన్నానే," అంది ఓటిలీ రొప్పుతూ. "ఫోను ఎక్కడ వదిలేశానో కూడా తెలీదు. తర్వాత నువ్వూ డాక్టరూ ఏం మాట్లాడుకున్నారు?"