తాడు దాటినవాళ్లు

కూతురు పూలమడి చుట్టూ కట్టిన తాడు కింద నుంచి దూరి ఇవతలికి వచ్చింది. పిడికిట్లో ఎర్రపువ్వు. తల్లి గబుక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

"ఎవరు కొయ్యమన్నారే నిన్ను!"

"లాగితే వచ్చేసింది. వాసనే లేదమ్మా," అంది నాలుగేళ్ల పిల్ల.

"నోర్ముయ్!"

పువ్వు లాక్కుని, చూడనైనా చూడకుండా సంచిలో పిల్ల గౌనుల అడుగున కుక్కేసింది.

తోట గేటు దగ్గర ఒక బోర్డు ఉంది. తాడు దాటినవాళ్ల ఫొటోలు దానిమీద అంటిస్తారు. పిల్ల బడికి వెళ్లే దారి అదే. రేపు టీచర్లు చూస్తారు. ఎదురింటావిడ చూస్తుంది. చూసి ఊరుకునే మనిషా ఆవిడ!

"ఇంటికి పోదాం పదండి," అంది భర్తతో.

"గంట క్యూలో నిలబడి వస్తే అప్పుడే ఇంటికా? పొయ్యి మీద పాలు పెట్టొచ్చావా ఏంటి?" ఆయన ఫోను పైకెత్తి ఇంకో ఫొటో తీశాడు. "వారం నుంచి ఎండ మాడ్చేస్తోందా, ఒక్క రేకన్నా వాడిందేమో చూడు. తోటమాలి అంటే వీడూ!"

ఆమె చూసింది పూలను కాదు, తోటమాలిని. గొట్టంతో నీళ్లు చల్లుతున్న ముసలాయన ఖాళీగా ఉన్న కాడ దగ్గర ఆగాడు. తలెత్తి పిల్లను చూశాడు. తర్వాత సంచిని. గొట్టం కింద పడేశాడు.

పిల్లను చంకనేసుకుని ఆమె నడక అందుకుంది. వెనకాల చెప్పుల చప్పుడు. వేగం పెంచింది. చప్పుడూ వేగం పెంచింది.

"ఏమేవ్, ఎక్కడికే!" భర్త కేక ఎక్కడో దూరంగా వినిపించింది.

గేటు ఇంకా పది అడుగులుందనగా ముసలాయన అడ్డం వచ్చాడు. రొప్పుతున్నాడు. అటూ ఇటూ చూసి, టికెట్ల గది వెనక్కి రమ్మని సైగ చేశాడు.

ఆమె పిల్లతో సహా వెనకే వెళ్లింది. "పసిపిల్ల బాబాయ్, తెలియక చేసింది. కావాలంటే నన్ను తిట్టండి. ఫొటో మాత్రం వద్దు, మీ కాళ్లు పట్టుకుంటాను."

"మెల్లగా తల్లీ, మెల్లగా," అంటూ ముసలాయనే రెండు చేతులూ జోడించాడు, "ఈ ఏడు ఒక్క మొగ్గా వెయ్యలేదు, తోటంతా ప్లాస్టిక్ పూలే గుచ్చామని బయట చెప్పి మా పొట్ట కొట్టకు."