ప్రశాంత గది

"ఇంకో గడియ బిగించు మేస్త్రీ, బయటివైపే. ఆ పిల్ల బాదిన బాదుడుకి పాతది ఊడొచ్చింది," అన్నారు హెడ్మాస్టరు.

తలుపు మీద ‘ప్రశాంత గది’ అని రంగుల్లో రాసి ఉంది. మాట రాని ఆ పిల్ల ఆయా కొంగు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది.

"ఏడేళ్ల పిల్లకి ఇంత గడియా? నేనంటే పడని మా అత్తగారు కూడా నన్నిలా బంధించలేదండీ!" అన్నాడు వడ్రంగి మేస్త్రీ.

"మారాం చేసినప్పుడు ఓ గంట లోపల పడేస్తే అదే చల్లబడుతుందిలే."

పని మొదలుపెట్టే ముందు తలుపు మూసి లోపల్నుంచి చూసుకోవడం వడ్రంగికి అలవాటు. చూస్తే, అతని నడుమెత్తున చెక్కంతా గోళ్ల గీతలే. ‘దేవుడా, నువ్వయినా ఇందులో ఓ గంట ఉండగలవా?’ అనుకున్నాడు.

అరగంటలో పని ముగించాడు.

"ఏమయ్యా, మతి పోయిందా? లోపలివైపు బిగించావేం?"

"ప్రశాంతత కావలసినవాళ్లే కదండీ గడియ వేసుకోవాలి!"

పిల్ల చటుక్కున లోపలికి దూరింది. గడియ పడింది.

"ఇప్పుడెలా?" హెడ్మాస్టరు కంగారుపడ్డారు.

"తలుపు తట్టి అడగండి సార్."

హెడ్మాస్టరు అటూ ఇటూ చూశారు. రెండు వేళ్లతో మెల్లగా తట్టి, "అమ్మా... లోపలికి రావచ్చా?" అన్నారు.