నిండు క్లాసు

షామీర్‌పేట బస్సులో వినోదకు సీటు దొరకలేదు. అల్వాల్ నుంచి నిలబడే వచ్చింది. అందుకే క్లాసులో చివరి బెంచీ మీద చోటు దొరకగానే ప్రాణం లేచొచ్చింది. కూర్చుంటే ఇంత సుఖంగా ఉంటుందని మరిచిపోయి చాలా కాలమైంది.

బయట ఎండ దంచేస్తోంది. అయినా అందరి ఒంటి మీదా నీలం బ్లేజర్లే. పొద్దున్నే పంచారు. చెల్లెలి చుడీదారు మీద తొడుక్కున్న బ్లేజరు వినోదకు భుజాల దగ్గర పట్టేస్తోంది. ఢిల్లీ నుంచి ఇన్‌స్పెక్షన్ వస్తోంది మరి, ఆ మాత్రం ఉక్కపోత తప్పదు.

ఇది 2007 నాటి మాట. అంతకు ఆరేడేళ్ళ ముందు ఇక్కడ ద్రాక్షతోట ఉండేది. ప్రపంచమంతా ఎంబీఏ, ఎంబీఏ అని కలవరిస్తోందని ఎవరో చెబితే వెంకటనర్సయ్య తోట పీకించి కాలేజీ కట్టాడు. పక్క తోటలవాళ్ళేమైనా తక్కువ తిన్నారా? వాళ్ళూ కట్టారు. ఇప్పుడు షామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా ఎటు చూసినా కాలేజీలే. చేరేవాళ్ళే కరువు.

క్లాసు నిండా జనం కనబడకపోతే ఈ ఏడు అనుమతి రద్దు. కాలేజీకి తాళం పడితే వినోద మళ్ళీ ఇంకో కాలేజీ వెతుక్కోవాలి. ఇప్పటికే రెండు కాలేజీలు మూతపడి ఇక్కడ తేలింది. మూడోసారి తిరిగే ఓపిక ఆమెకు లేదు.

"ఒక్క తల తక్కువున్నా మునుగుతం," అన్నాడు వెంకటనర్సయ్య పొద్దున గేటు దగ్గరే ఆపి. "నువ్వు మాత్రం నోరిప్పకు బిడ్డా. నీకు ఆగదు, నాకెర్కే. ఏమడిగినా ఆ టై సారే సూసుకుంటడు."

టై సారంటే బోర్డు దగ్గర నిలబడినాయన. డాక్టరేటు ఉంది. కమిటీ వాళ్ళకు అది చాలా ముఖ్యం.

వినోద పక్కన కూర్చున్నతను మెడ గీరుకుంటూ ఇటు వంగాడు. పేరు బాలేష్. పేట్ బషీరాబాద్‌లో సెల్‌ఫోన్ల దుకాణమట.

"నువ్వు గూడ కిరాయికే వచ్చినవా?"

"లేదు. నేను రోజూ వస్త."

"అబ్బో! గీడ అసలు సరుకు గూడ ఉన్నదన్నట్టు."

అవతల కూర్చున్న గిడియోన్ నవ్వు ఆపుకున్నాడు. అతనూ రోజూ వచ్చేవాడే. అలాంటివాళ్ళను క్లాసు మొత్తమ్మీద వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

కమిటీ వచ్చింది. ముగ్గురు. ఇద్దరు ఫ్యాను కింద చోటు చూసుకున్నారు. మూడో ఆయన నెరిసిన గడ్డం మనిషి, తెలుగువాడే. టై సారుకు నమస్కారం పెట్టి, తిన్నగా బెంచీల వైపు తిరిగాడు.

"ఎంబీఏకి ప్రపంచమంతా గిరాకీ పెరుగుతోంది. కాలేజీలూ పెరుగుతున్నాయి. రెండూ పెరుగుతూ పోతే ఈ డిగ్రీ విలువ ఏమవుతుంది? ఎవరైనా చెప్పండి."

ఎవరైనా చెబితే కదా! బాలేష్ బల్ల కిందికి చూశాడు. గిడియోన్‌కు తెలిసినట్టే ఉంది గానీ ఇంగ్లీషులో చెప్పాలేమోనని నోట్‌బుక్కులో తల దూర్చాడు. టై సారు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"అసలు ఇక్కడ పాఠాలు జరుగుతున్నాయా?" పెద్దాయన గొంతు మారింది. చేతిలో ఫైలు మూయబోయాడు.

గుమ్మం దగ్గర వెంకటనర్సయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. వినోదకు ఒళ్ళు మండింది. ఇంకేమైనా అననీ, పాఠాలు జరగడం లేదన్న ఆ ఒక్క మాట మాత్రం ఆమె పడలేకపోయింది.

"లేవకుండ్రి," అని గొణిగాడు గిడియోన్.

ఆమె అప్పటికే లేచింది.

"ఇట్లనే అయితదని చెప్పలేం సార్. ఏది జల్దీ పెరిగితే దాన్ని బట్టి ఉంటది. ఈ జాగల ఇంతకుముందు ద్రాక్షతోట ఉండె. తినేటోళ్ళు పెరిగిన్రు, తోటలు పెరిగినయి, రేటు నిలబడ్డది. తర్వాత తినేటోళ్ళ కంటె తోటలే జల్దీ పెరిగినయి. పండు తీగకే మురిగింది. డిగ్రీ గూడ అంతే. ఇప్పుడు మా కాలేజీలు ఆ తోటల లెక్కనే ఉన్నయి సార్."

వెంకటనర్సయ్య కళ్ళు మూసుకున్నాడు. కొంప మునిగిందనే అనుకున్నాడు.

పెద్దాయన పకపకా నవ్వాడు. "కాలేజీ వాళ్ళ ముందే ఎంత మాటన్నావమ్మా!" అని, టై సారు చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఇంత బాగా చెప్పగలిగేలా నేర్పారంటే మీకు దండం పెట్టాలి సార్."

టై సారు వినయంగా తల వంచాడు.

"చదువయ్యాక టీచింగ్‌లోకి రా తల్లీ. నీకు నప్పుతుంది," అన్నాడు పెద్దాయన వెళ్తూ వెళ్తూ.

"చూస్త సార్," అంది వినోద.

కార్లు కదిలాయి. గండం గడిచింది. వెంకటనర్సయ్య వాటి వెనకే గేటు దాకా పరుగెత్తాడు. బాలేషూ, అతనిలా కిరాయికి వచ్చినవాళ్ళూ బ్లేజర్లు కుప్పగా పడేసి పోయారు. టై సారు కూడా నిలవలేదు, సిటీలో పని ఉందంటూ స్కూటరెక్కాడు. క్లాసులో పిడికెడు మంది మిగిలారు.

వినోద బెంచీ మీదే ఉండిపోయింది. కాళ్ళే కాదు, మనసు కూడా అలిసిపోయింది. ఇంటికి పోయి తలుపేసుకుని పడుకోవాలనిపించింది.

గిడియోన్ బోర్డంతా తుడిచి, చాక్‌పీసు తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "నిన్న మీరు సగంల ఆపిన పాఠం ఇగ చెప్పుండ్రి, మేడం," అన్నాడు.